ప్రైవేట్ ఐలాండ్ కొనేముందు ఏం చూడాలి: లంకల్లో పెరిగినోడి గైడు

ప్రపంచంలో అత్యంత ఖరీదైన ప్రైవేట్ ఐలాండ్స్ అని ఫోన్లో లిస్టులు తిరుగుతుంటాయి కదండీ, పదింటికి పదీ నీలం నీళ్ళు, తెల్ల ఇసక, వంగిన కొబ్బరిచెట్టు, కింద ఇంతలావు రేటు. అబ్బో అనుకుని పైకి జరిపేస్తాం. ఆ రేటు ఎందుకు అంతయ్యిందో, పక్కనున్న ద్వీపం దాంట్లో పదో వంతుకే ఎందుకు వస్తుందో ఏ లిస్టూ చెప్పదు. చుట్టూ నీళ్ళున్న భూమి గురించి మన గోదావరి లంకల్లో, అంటే ఏటి మధ్య దీవుల్లో, సగటు రైతుకి తెలిసినంత ఆ లిస్టులు రాసేవాళ్ళకి తెలీదని నా గట్టి అభిప్రాయం, అందుకే ఇది మన లంక లెక్కలో రాస్తున్నా. అమెరికాలో ఉన్న మన కుర్రాళ్ళు నలుగురు కలిసి బెలీజ్‌లోనో పనామాలోనో చిన్నది ఒకటి లాగేద్దాం అని వాట్సాప్ గ్రూపుల్లో మాట్లాడుకుంటున్నారు, వాళ్ళకి పనికొస్తుంది, మిగతావాళ్ళకి కాలక్షేపం.

ముందు ఎకరం రేటు కట్టండి

మొత్తం రేటు చూడకండి, మన దగ్గర ఎవరైనా తోట అమ్ముతున్నారంటే ఫస్ట్ అడిగేది ఎకరం ఎంత అనేగా, ఇక్కడా అంతే. డాలరు 90 రూపాయలు అనుకుందాం, లెక్క తేలిక.

లిస్టుల్లో అందరికంటే పైన ఉండేది హవాయిలో లనై. ఒరాకిల్ లారీ ఎలిసన్ 2012లో ఆ ద్వీపంలో 98 శాతం కొన్నాడు, దగ్గర దగ్గర 30 కోట్ల డాలర్లని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. వినడానికి గుండె జారిపోయే నంబరు, కానీ ద్వీపం మొత్తం 140 చదరపు మైళ్ళు, ఆయన వాటా అటూ ఇటూ 88 వేల ఎకరాలు. భాగిస్తే ఎకరం 3,400 డాలర్లు, అంటే మన డబ్బుల్లో 3 లక్షల చిల్లర. 3 లక్షలకి కోనసీమలో ఎకరం కొబ్బరితోట ఎవరిస్తారండీ, అడిగితే బొండం నీళ్ళిచ్చి పంపేస్తారు.

ఇప్పుడు ఫ్లోరిడాలో పంప్కిన్ కీ చూడండి. ఉన్నదంతా 26 ఎకరాలు, అడిగిన రేటు 9.5 కోట్ల డాలర్లు. ఎకరం 36 లక్షల డాలర్ల పైమాటే, మన లెక్కలో సుమారు 33 కోట్లు. థాయ్‌లాండ్ ఫుకెట్ పక్కన రంగ్యాయ్ అని 110 ఎకరాల ద్వీపం, దానికి 16 కోట్ల డాలర్లు చెప్పారు, ఎకరం 13 కోట్ల రూపాయలు. బహామాస్‌లో బ్లూ ఐలాండ్ 700 ఎకరాలు, రన్‌వే కూడా ఉంది, 7.5 కోట్ల డాలర్లు చెప్పారు, అది ఎకరం కోటి లోపే పడుతుంది. ఫిజీలో మాగో అనే ద్వీపాన్ని హాలీవుడ్ నటుడు మెల్ గిబ్సన్ 2005లో కోటిన్నర డాలర్లకి కొన్నాడు, 5,400 ఎకరాలు, ఎకరం 2,800 డాలర్లు కూడా పడలేదు.

అంటే లిస్టులో మొదటి నంబరు లనైదే గానీ ఎకరం లెక్కలో పంప్కిన్ కీ దాని కంటే వెయ్యి రెట్లు ఎక్కువ. మట్టి బంగారం అని కాదు. మయామి ఊరు, వంతెనతో గట్టుకి కలిసిన కీ లార్గో ద్వీపం, రెండూ దగ్గరే, అదీ సంగతి. దీని గురించి కిందన ఇంకా చెప్తాను.

చెప్పిన రేటు వేరు, తెగిన రేటు వేరు

ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు గానీ ఐలాండ్ల దగ్గర తేడా మామూలుగా ఉండదు. వర్జిన్ కంపెనీల యజమాని రిచర్డ్ బ్రాన్సన్ 1978లో బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో నెకర్ కొన్నప్పుడు అమ్మేవాళ్ళు 60 లక్షల డాలర్లు చెప్తే ఈయన లక్ష అన్నాడట, వాళ్ళు పొమ్మన్నారు, కొన్నాళ్ళకి వాళ్ళే పిలిచి 1,80,000కి ఇచ్చేశారు. 74 ఎకరాలు. పంప్కిన్ కీకి కూడా 2014లో 11 కోట్లు చెప్పి తర్వాత 9.5కి దింపారు. లైంగిక నేరాల కేసుల్లో ఇరుక్కున్న అమెరికా ధనికుడు జెఫ్రీ ఎప్‌స్టీన్ చనిపోయాక ఆయన రెండు ద్వీపాలు 2022లో 12.5 కోట్ల డాలర్లకి అమ్మకానికి పెడితే 2023లో రెండూ కలిపి 6 కోట్లకి పోయాయి, పేరు చెడ్డ ఆస్తికి ఎక్కడైనా అంతేగా.

కారణం సింపులు. ఇలాంటివి కొనేవాళ్ళు ప్రపంచం మొత్తం మీద కొద్దిమంది, పక్క ద్వీపం ఎంతకి పోయిందో చూసి రేటు కడదామంటే పక్క ద్వీపం ఇరవై ఏళ్ళుగా అమ్ముడే పోలేదు. కాబట్టి అమ్మేవాడి అవసరం ఎంత అనేదే అసలు రేటు. ఏ కేటలాగ్ తీసినా, హాంబర్గ్‌లో వ్లాది వాళ్ళలాంటి పాత బ్రోకర్లదైనా సరే, కనపడే నంబరుని బేరం మొదలుపెట్టే నంబరుగానే తీసుకోండి. ఎన్నేళ్ళ నుంచి లిస్టులో ఉంది, ఎన్నిసార్లు తగ్గించారు, ఈ రెండూ అడగండి, బ్రోకరు నసిగాడంటే చాలాకాలంగా ఉందనే.

ఇంకోటి, కెనడాలో నోవా స్కోషియా వైపు చిన్న చిన్న ద్వీపాలు లక్ష డాలర్ల లోపు కూడా వస్తుంటాయి. అక్కడ చలికాలం ఏంటో తెలిసినవాళ్ళు మాత్రమే అటు చూడండి.

దాటడం: అసలు ధర ఇక్కడుంది

మన లంకల్లో పుట్టినవాళ్ళకి ఇది ఒంట్లో ఉంటుంది. పి.గన్నవరం మండలంలో బూరుగులంక, ఊడిమూడిలంక, జి.పెదపూడిలంక, అరిగెలవారిపేట ఈ ఊళ్ళ వాళ్ళని అడగండి, వరద రాగానే తాత్కాలికంగా వేసిన గట్టు కొట్టుకుపోయి, బడికెళ్ళే పిల్లలు పడవ, పాలు పడవ, అరటిగెలలు పడవ, నిండు గర్భిణి కూడా పడవే. చాకలిపాలెం కనకాయలంక కాజ్‌వే కూడా ప్రతి వరదకీ మునుగుతుంది. మట్టి చూస్తే ఏటా వరద తెచ్చి పోసిన ఒండ్రు, అంత మంచి భూమి గట్టు మీద కూడా దొరకదు, అయినా అవతల ఒడ్డున భూమికున్న రేటు దీనికి రాదు. దాటాలి కాబట్టి. వంతెన శాంక్షన్ అయ్యిందని పేపర్లో పడితే చాలు రేటు లేస్తుంది, పిల్లర్లు లేవక్కర్లేదు. యానాం ఎదుర్లంక మధ్య బాలయోగి గారి పేరుతో వంతెన వచ్చాక ఆ రెండు ఒడ్లూ ఎలా మారాయో పంటు ఎక్కి దాటిన రోజులు గుర్తున్నవాళ్ళకి తెలుసు.

అక్కడ కోటీశ్వరులు మాత్రం వంతెన లేనందుకే డబ్బులిస్తారు, అదే నాకు నవ్వొచ్చే విషయం. కానీ జాగ్రత్తగా చూడండి, వాళ్ళు కూడా దాటడం కష్టంగా ఉన్న దానికి డబ్బివ్వరు, వేరేవాళ్ళకి కష్టంగా ఉండి తమకి తేలిగ్గా ఉన్న దానికి ఇస్తారు. మయామిలో ఇండియన్ క్రీక్ అని ఒకటుంది, దానికి వంతెన ఉంది, కాకపోతే ఒక్కటే వంతెన, దానికి గేటు, సొంత పోలీసు. అమెజాన్ జెఫ్ బెజోస్ 2023లో అక్కడ ఒక ఇల్లు 6.8 కోట్ల డాలర్లకి, పక్కది 7.9 కోట్లకి కొన్నాడు. ద్వీపం కాదు, ద్వీపంలో ఇళ్ళు!

అందుకని మీరు కొనబోయే దాని గురించి ఈ ప్రశ్నలు ఒకటొకటిగా అడగండి. దగ్గరలో ఎయిర్‌పోర్ట్ నుంచి పడవలో ఎంతసేపు, ఎండాకాలం కాదు, గాలి ఉన్నరోజు ఎంతసేపు. పాటు మీద (సముద్రం వెనక్కి తగ్గినప్పుడు) కూడా పడవ ఒడ్డుకి వస్తుందా లేక నడుం లోతు నీళ్ళలో దిగి నడవాలా. మీరు దిగే జెట్టీ సరే, అవతల మెయిన్‌ల్యాండ్‌లో మీ పడవ కట్టుకునే రేవు ఎవరిది, అది కూడా డీల్‌లో వస్తుందా. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు, ద్వీపం మీదే, రేవు పరాయివాడిది, వాడు రేపు కట్టుకోనివ్వనంటే మీ ద్వీపం మీరే దూరం నుంచి చూసుకోవాలి. సిమెంటు, ఇనుము, ఇసక మోసే బార్జి ఎక్కడి నుంచి వస్తుంది, ట్రిప్పుకి ఎంత. ఇల్లు కట్టే ఖర్చు గట్టు మీదకంటే ఎంతెక్కువో ఆ బార్జి రేటు చెప్తుంది, లంకలో మేడ కట్టినవాళ్ళకి ఒక్కో ఇటుకా రేవులో దించి మళ్ళీ ఎత్తించుకోవడం ఎంత పనో తెలుసు, వాళ్ళనడగండి.

మంచినీళ్ళు

సముద్రం మధ్యలో ఉన్న ద్వీపం కింద మంచినీళ్ళు ఎలా ఉంటాయో ముందు తెలుసుకోవాలి. వాన నీళ్ళు ఇసకలోకి దిగి కింద ఉన్న ఉప్పునీళ్ళ మీద తేలుతూ పొరలా నిలబడతాయి. సముద్ర మట్టానికి పైన అడుగు మందం మంచినీళ్ళు ఉంటే కింద సుమారు నలభై అడుగులు ఉంటాయని ఒక లెక్క, తిరగేసి చదివితే భయం వేస్తుంది, మోటార్ పెట్టి పైనున్న ఆ అడుగు లాగేస్తే కింద నుంచి ఉప్పు నలభై అడుగులు పైకి వచ్చేస్తుంది. ఇది పుస్తకాల్లో విషయం కాదు, అంతర్వేది, సఖినేటిపల్లి వైపు బోరు కాస్త లోతుకి దింపినవాళ్ళు నోట్లో పోసుకుని తుపుక్కున ఊసిన విషయమే. ఒకసారి ఉప్పెక్కిన బోరు మళ్ళీ తియ్యబడాలంటే ఏళ్ళు పడుతుంది.

లనైలో ఒక చక్కటి కథ ఉంది. అక్కడ పూర్వం పశువుల రాంచ్ చూసిన జార్జ్ మన్రో అనే ఆయన ఇంటి పక్కన పైన్ చెట్టు నుంచి రాత్రంతా రేకుల మీద చుక్కలు పడుతుంటే ఏంటా అని చూశాడు, పొగమంచు ఆకులకి పట్టి నీళ్ళై కారుతోంది. దాంతో కొండ మీద పైన్ చెట్లు నాటించాడు, నేల కిందకి నీళ్ళు దిగడానికి. ఇప్పటికీ ఆ ద్వీపం బొమ్మల్లో వరసగా కనిపించే పైన్లు అవే. చెట్టు పెట్టి నీళ్ళు తెచ్చినోడు నాకు తెగ నచ్చాడు, రిసార్టులు కట్టినవాళ్ళకంటే.

అలాంటి కొండ లేకపోతే మిగిలింది ఆర్వో ప్లాంటు. సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేయడానికి పెద్ద ప్లాంటులో వెయ్యి లీటర్లకి 3 నుంచి 4 యూనిట్ల కరెంటు, చిన్న ప్లాంటులో ఇంకా ఎక్కువ. ఆ కరెంటు ఎక్కడి నుంచి? డీజిల్. డీజిల్ ఎక్కడి నుంచి? పడవ. చివరికి నీళ్ళు కూడా పడవలోనే వస్తున్నట్టు లెక్క.

తాహితీ దగ్గర టెటియరోవా చూడండి, హాలీవుడ్ నటుడు మార్లన్ బ్రాండో సినిమా షూటింగ్‌కి వెళ్ళి ఆ చోటు చూసి మనసు పారేసుకుని 1960ల్లో కొనుక్కున్నది. ఆయనకి ముందు అది తాహితీ రాజకుటుంబం ఒక పళ్ళ డాక్టరుకి 1904లో ఇచ్చేసిన ద్వీపం, ఆ డాక్టరు అక్కడ ఎండుకొబ్బరి వ్యాపారం చేశాడు! మన అంబాజీపేట కొబ్బరి మార్కెట్ వాళ్ళకి ఆ డాక్టరు ఒకేసారి అర్థమైపోతాడు. బ్రాండో 2004లో పోయాడు, 2014లో అక్కడ రిసార్ట్ మొదలైంది, సముద్రం లోతుల్లో నుంచి చల్లటి నీళ్ళు పైపుల్లో లాగి వాటితో ఏసీ నడుపుతారు, సోలార్‌కి తోడు కొబ్బరినూనెతో నడిచే జనరేటర్లు కూడా పెట్టారు. ఇవన్నీ ఉంటే ఆ మేరకి డీజిల్ మోత తగ్గినట్టే.

మీరు వెళ్ళినప్పుడు బావి చూపించమనండి, మీరే తోడుకుని తాగి చూడండి, వానాకాలం అయిపోయిన వెంటనే కాదు, బాగా ఎండిపోయిన నెలలో.

కాగితాలు

మన దగ్గర లంక భూమి కొనాలంటే ఏం చూస్తాం? జిరాయితీయా (సొంత పట్టా భూమా), అసైన్డా (ప్రభుత్వం పేదలకిచ్చిందా), ప్రభుత్వ లంకని సొసైటీకి కౌలుకిచ్చిందా. రిజిస్ట్రేషన్ చేయని 22ఏ నిషేధిత జాబితాలో ఉందా. ఈసీ (పాత లావాదేవీల కాగితం), లింక్ డాక్యుమెంట్లు, రెవెన్యూ రికార్డులైన అడంగల్, 1బి. అన్నీ కరెక్టుగా ఉన్నా సర్వేయర్ని తీసుకెళ్ళి గొలుసు వేయిస్తే పాస్‌బుక్‌లో ఎకరం ఉంటుంది, అక్కడికెళితే సగం గోదావరిలో ఉంటుంది. కాగితం కదలదు, ఏరు కదులుతుంది.

బయటదేశాల్లోనూ ప్రశ్న ఇదే, పేర్లు మారతాయంతే. ముందు చూడాల్సింది సొంతమా, లీజా. మాల్దీవుల్లో రిసార్టు ద్వీపాలు ప్రభుత్వానివి, మీకొచ్చేది లీజు మాత్రమే. థాయ్‌లాండ్‌లో విదేశీయుడికి భూమి సొంతం అవ్వదు, మామూలుగా 30 ఏళ్ళ లీజు, కాబట్టి రంగ్యాయ్‌కి 16 కోట్ల డాలర్లు అన్నప్పుడు ఎవరి పేరు మీద, ఏ కంపెనీ ద్వారా, ఎన్నేళ్ళకి అని అడక్కుండా ఆ నంబరుకి అర్థం లేదు. ఫిజీలో ఎక్కువ భూమి అక్కడి మూలవాసుల తెగలది, అమ్మడానికే లేదు, సొంతానికి వచ్చే కాస్తలోనే మాగో, లౌకాలా లాంటివి ఉన్నాయి. లౌకాలాని 1972లో ఫోర్బ్స్ పత్రిక మాల్కం ఫోర్బ్స్ కొన్నాడు, 2003లో రెడ్‌బుల్ అధిపతి డీట్రిష్ మాటేషిట్స్ చేతికొచ్చింది. మాగో అమ్మకం అప్పుడు ఆ ద్వీపం మాది, మా తాతల్ని అక్కడి నుంచి పంపేశారు అని అక్కడి వంశస్థులు అభ్యంతరం పెట్టారు. రిజిస్ట్రేషన్ క్లియర్‌గా ఉండడం వేరు, ఊరు ఒప్పుకోవడం వేరు, ఇది మనకి కొత్త సంగతి కాదు.

రెండోది, పర్మిషన్‌తో పాటు వచ్చే షరతులు. నెకర్ అంత చవగ్గా దొరికినా బ్రాన్సన్‌కి అక్కడి ప్రభుత్వం షరతు పెట్టింది, చెప్పిన గడువులోగా రిసార్ట్ కట్టాలి, లేకపోతే ద్వీపం తిరిగి ప్రభుత్వానికే. కొన్నదానికన్నా కట్టడానికి ఎన్నో రెట్లు పెట్టాల్సి వచ్చింది. బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో బయటివాడు భూమి కొనాలంటే ఇప్పటికీ లైసెన్సు తీసుకోవాలి.

మూడోది, ఒడ్డు మీది కాదు. హవాయిలో అలలు తాకే మేర బీచ్ జనానిది, గ్రీస్‌లోనూ సముద్రతీరం ప్రజలదే. అమెరికా అధ్యక్షుడు కెన్నడీ భార్య జాకీ, ఆయన పోయాక రెండో పెళ్ళి చేసుకున్న స్కోర్పియోస్‌కి కూడా ఆ రూలే, ఆ పెళ్ళికొడుకు, ఓడల వ్యాపారి ఒనాసిస్ 1963లో ద్వీపం మొత్తం కొన్నాడు గానీ చట్టం లెక్కలో తీరం ఆయనది కాదు. కొబ్బరిచెట్టుకి మీరు ఊయల కట్టుకోవచ్చు, ఎదురుగా ఇసకలో ఎవరో కుటుంబం చేపలు కాల్చుకుంటుంటే మీరు నోరు మూసుకోవాలి.

కోతా, మేటా

గోదావరి ఒక పక్క కోసి ఇంకో పక్క మేట వేస్తుంది. కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ మొత్తం గోదావరి మోసుకొచ్చిన ఇసకతో ఏర్పడిందే, పోర్టుకి అలల నుంచి అడ్డు నిలబడేది అదే, తాబేళ్ళు గుడ్లు పెట్టేదీ అక్కడే. కొంచెం పైన ఉప్పాడ దగ్గర సముద్రం రోడ్డునే నమిలేస్తుంది. ఒకే తీరంలో రెండూ.

ఐలాండ్ బ్రోచర్లో ఈ కోత గురించి ఒక్క ముక్క ఉండదు. మీరే చూసుకోవాలి, అదీ ఫ్రీగా. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ళ శాటిలైట్ బొమ్మలు వెనక్కి జరిపి చూసే సౌకర్యం ఉంది, ఆ ద్వీపాన్ని పదిహేను ఇరవై ఏళ్ళు వెనక్కి తిప్పండి. బీచ్ ఎటు నుంచి ఎటు జరిగింది, చెట్ల వరస ఎంత లోపలికి పోయింది, కొత్తగా రాళ్ళ గోడ ఎప్పుడొచ్చింది. గోడ కనపడిందంటే అటుపక్క తినేస్తోందనే అర్థం. ఇది నేర్చుకోవాలంటే ముమ్మిడివరం పక్క ఠాణేలంక, కూనలంక ఒడ్డు మీద ప్రాక్టీస్ చేయండి, ఏడాదేడాదికీ కొబ్బరిచెట్ల వరస ఎలా తగ్గుతుందో చూస్తే కన్ను తయారవుతుంది. మనుషులు చేసిన ద్వీపాలకి కూడా మినహాయింపు లేదు, దుబాయ్‌లో ద వరల్డ్ అని 2003లో మొదలుపెట్టి ప్రపంచ పటం ఆకారంలో సుమారు 300 ఇసక దిబ్బలు పోశారు, 2008లో డబ్బు ఆగిపోతే ఏళ్ళ తరబడి చాలావరకు అలాగే ఖాళీగా ఉండిపోయాయి.

తుఫాను సంగతి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్ళకి నేనేం చెప్పక్కర్లేదు, తెల్లారేసరికి తోటలకి తోటలు పడుకున్నాయి. నెకర్‌లో 2011లో పిడుగు పడి పెద్ద ఇల్లు తగలబడింది, 2017లో ఇర్మా హరికేన్ వచ్చినప్పుడు బ్రాన్సన్ తన వైన్ సెల్లార్‌లో దాక్కున్నాడు, బయటికొచ్చేసరికి ద్వీపం మీద చెట్లకి ఆకు లేదు. ఇన్సూరెన్స్ రేటు ఎంతో కొనకముందే కోట్ తెప్పించుకోండి, మేం ఇవ్వలేం అన్నారంటే అదే సమాధానం. ద్వీపంలో అన్నిటికంటే ఎత్తైన చోటు సముద్రం నుంచి ఎన్ని అడుగులో అడగండి, ధవళేశ్వరం బ్యారేజి దగ్గర గోదావరి వరద 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని మనకి నోటికొచ్చినట్టు మీ ద్వీపానికి కూడా అలాంటి నంబర్లు మీకు నోటికి రావాలి.

డబ్బు పంపడం

ఇండియాలో ఉంటూ బయట కొనాలంటే రిజర్వ్ బ్యాంక్ ఎల్‌ఆర్‌ఎస్ రూలు ఉంది. ఒక్కో మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకే పంపగలరు. ఇంట్లో నలుగురుంటే నలుగురిదీ కలిపి 10 లక్షల డాలర్లు, అయితే డబ్బు పెట్టినవాళ్ళు కాగితాల్లో కూడా భాగస్తులవ్వాలి, బావమరిది కోటా వాడుకుని ఆయన పేరు ఎగ్గొడదామంటే కుదరదు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (ముందస్తు పన్ను) బ్యాంకు దగ్గరే పట్టుకుంటారు, రిటర్న్‌లో సర్దుకోవచ్చు గానీ అప్పటిదాకా ఆ డబ్బు ఇరుక్కున్నట్టే. కొన్నాక ప్రతి ఏటా రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో చూపించాలి, చూపించకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల పెనాల్టీ పడొచ్చు.

సరదాకి లెక్కేస్తే, పంప్కిన్ కీ కొనాలంటే ఈ కోటాలో 380 మంది ఒకే ఏడాది పంపాలి. చిన్న ఊరు చందా వేసుకోవాలన్నమాట. ఎన్‌ఆర్‌ఐలకి ఈ గొడవ లేదు, అక్కడ సంపాదించింది అక్కడే పెట్టుకోవచ్చు, తర్వాత ఇండియాకి తిరిగొచ్చేసినా అప్పుడు కొన్న ఆస్తి అట్టిపెట్టుకోవచ్చు. కాబట్టి ఆలోచన ఉన్నవాళ్ళు మూటాముల్లె సర్దకముందే చేసేయండి.

కొన్నాక

లనై తక్కువ ఎకరం రేటుకి ఎందుకొచ్చిందో ఇప్పుడు చెప్తా. ఆ ద్వీపంలో 3,000 మంది ఉంటారు. కొన్నవాడికి భూమితో పాటు వాళ్ళూ వచ్చారు, హోటళ్ళు, అద్దె ఇళ్ళు, ఆఖరికి నీళ్ళ కంపెనీ కూడా. అనాసపండ్ల వ్యాపారి జేమ్స్ డోల్ 1922లో కొని ఆ ద్వీపాన్నంతా అనాస తోట చేశాడు, అది మూతబడ్డాక ఊరికి పని ఎవరిస్తారనేదే అక్కడి అసలు కథ. ఒకప్పటి జమీందారు చేసే పని అది, ఈ రోజుల్లో ఎందరికి ఓపిక? అదే హవాయిలో నీహౌ అని ఇంకోటి, 1864లో సింక్లెయిర్ కుటుంబం రాజు దగ్గర 10,000 డాలర్ల బంగారం ఇచ్చి కొన్నది, ఇప్పటికీ వాళ్ళ వంశం వాళ్ళదే, వాళ్ళ అనుమతి లేకుండా బయటివాళ్ళని రానివ్వరు, అక్కడున్న కొద్దిమంది వాన నీళ్ళు పట్టుకుని బతుకుతారు.

ఖాళీ ద్వీపం అయితే ఆ బరువు లేదనుకోకండి, కాపలా మనిషి కావాలి, అతనికి భార్యాపిల్లలు, పిల్లలకి బడి, బడికి పడవ. మన లంకల్లో తోట కౌలుకిచ్చి హైదరాబాద్‌లో ఉండేవాళ్ళని అడగండి, దింపులోళ్ళు (కొబ్బరికాయలు దింపేవాళ్ళు) ఏటి అవతలికి రావాలంటే కూలి పైన పడవ ఖర్చు, రెండు దింపులు పోతే కాయ రాలి మొలకలొచ్చేస్తాయి. మనిషి లేని భూమి చుట్టూ నీళ్ళుంటే ఇంకా తొందరగా అడవైపోతుంది.

పోనీ మన గోదావరిలోనే ఒక లంక మొత్తం కొనేద్దాం అని అడిగేవాళ్ళు కూడా ఉంటారు, నన్ను అడుగుతారు కూడా. మొత్తం లంక ఒకడి పేరు మీద రావడం దాదాపు అయ్యేపని కాదండీ, కొంత జిరాయితీ, కొంత ప్రభుత్వానిది, కొంత పట్టా ఇచ్చింది, సముద్రం వైపు దిగితే తీరం కాపాడ్డానికి పెట్టిన సీఆర్‌జెడ్ రూల్స్, కోరింగ మడ అడవుల వైపయితే అడవి శాఖ. పట్టా భూమి నాలుగెకరాలు కొనుక్కుని పాకేసుకోండి, అంతకంటే ఆశపడకండి.

చివరిగా చూడ్డానికి వెళ్ళే రోజు

ఏజెంటు డిసెంబరు జనవరిలో రమ్మంటాడు, కరేబియన్‌లో అప్పుడే బాగుంటుంది మరి, హరికేన్ల సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. బావి చూడ్డానికి ఎండిన నెలలో వెళ్ళినా, మిగతావి చూడ్డానికి మీరు సెప్టెంబరులో వెళ్ళండి. స్పీడ్‌బోటు వద్దని చెప్పి అక్కడి జాలరుల పడవ ఎక్కండి, ఆ పడవాయనకి డబ్బులు ఎక్కువే ఇచ్చి కబుర్లలో పెట్టండి, ఈ ద్వీపం ఇంతకుముందు ఎవరు కొన్నారు, ఎందుకు అమ్మేశారు, నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకునేవాళ్ళు, ఏ వైపు పడవ ఆగదు అని. ఏజెంటు పక్కనుంటే మాట్లాడడు, ఏజెంటుని ఒడ్డునే ఉండమనండి. ఒక రాత్రి అక్కడే పడుకోండి, దోమలు ఎలా ఉన్నాయో ఫోటోలో కనపడదు. పొద్దున్నే పోటు మీద ఒకసారి, మధ్యాహ్నం పాటు మీద ఒకసారి ద్వీపం చుట్టూ నడవండి, రెండు నడకల్లో ఎంత భూమి తేడా వచ్చిందో చూసుకుని, ఎకరం రేటు మళ్ళీ కొత్తగా కట్టుకుని, అప్పుడు ఫోన్ చేసి మీ రేటు చెప్పండి.